సుగుణ మేడమ్ ఖాళీ గీతలు

మా ఆఫీసు క్యాంటీన్‌లో వారానికోసారి నూడుల్స్ పెడతారు. మొన్న నా ఎదురుగా కూర్చున్న కుర్రాడు వెనిగర్ సీసా వంచేసరికి మూత ఊడి, సగం సీసా అతని పళ్లెంలోనూ మిగతా సగం బల్లమీదా పడింది. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు మూసుకుని నవ్వారు. నేను చెంచా కింద పెట్టేశాను. ఆ పుల్లటి ఘాటు గొంతులోకి దిగగానే క్యాంటీనూ, ఆ పిల్లల నవ్వులూ అన్నీ పక్కకు తప్పుకుని, ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గది ముందు నిలబడ్డట్టయింది. ఫిల్మును ఆఖర్న ముంచే మందునీళ్లకు సరిగ్గా ఇదే వాసన. ఆ గదికి ఆనుకుని నా బల్ల, నా కంప్యూటరు. నా వెనక తలుపు తీస్తే స్కానింగ్ గది, అందులో సుగుణ మేడమ్. కొందరిని తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయంటారు. ఈవిడను తలుచుకుంటే నాకు వెన్ను నిటారుగా అవుతుంది.

తొంభైల చివరి మాట ఇది. మాదాపూర్‌లో అప్పటికి సగం బండలు, సగం బోర్డులు. అందరూ చూడ్డానికి వెళ్లే గుండ్రటి పెద్ద మేడ కొత్తగా లేచింది. దాని చుట్టూ ఇంకా లేవబోయే మేడల కోసం రోజూ బండలు పేల్చేవారు. ఎర్ర జెండా పట్టుకుని ఒకతను ఈల వేస్తే రోడ్డుమీద సెవెన్ సీటర్ ఆటోలు ఆగిపోయేవి. ఆ రోడ్డులోనే ఒక మేడమీద మొదటి అంతస్తులో మా డయాగ్నొస్టిక్ సెంటర్. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ప్రసాదరావు గారు దాని యజమాని. మంచి మాటకారి. సాయంత్రమైతే మా అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించేవారు. జీడిమెట్ల, బాలానగర్ ఫ్యాక్టరీల నుంచి దగ్గుతూ, కడుపు పట్టుకుని వచ్చేవాళ్లు మా పేషెంట్లు. మా నాన్న కూడా బాలానగర్‌లోనే ఒక కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తా. డిగ్రీ అయ్యి ఇంట్లో కూర్చున్న నన్ను, రిపోర్టులు టైప్ చేసే పని ఉందని ఎవరో చెబితే అక్కడికి పంపారు.

ఇంటర్వ్యూ చేసింది సుగుణ మేడమ్. నలభై ఏళ్లు దాటిన మనిషి, నూలు చీర, మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. మెదక్ వైపు మిషన్ ఆస్పత్రిలో వాళ్లమ్మ నర్సుగా పనిచేశారట, ఆ ఆస్పత్రి ఆవరణలోనే పెరిగి డాక్టరయ్యారు. నగరానికి వచ్చి అన్నేళ్లయినా, ఎంత పెద్దవాళ్లతో మాట్లాడినా తన యాస మార్చుకోలేదు. "మేడమ్ గారి ఇంగ్లీషు ఎంత బాగుంటుందండీ, తెలుగే కొంచెం..." అని ప్రసాదరావు గారు ఒకసారి నసిగితే, "ఇంగ్లీషు బడిల నేర్చుకున్న సార్, తెలుగు అమ్మ దగ్గర నేర్చుకున్న. ఏది అసలుదో మీరే చెప్పుండ్రి" అన్నారు. ఆయన ఇంకో బజ్జీ నోట్లో పెట్టుకున్నారు.

నన్ను అడిగిన ప్రశ్నలు కూడా అలాగే ఉన్నాయి. "టైపింగ్ వస్తదా?" అన్నారు. "హయ్యర్ పాసయ్యానండి" అన్నాను. "అది గాదు. నేను చెప్పనిది టైప్ చేస్తవా?" అన్నారు. "చెయ్యనండి" అన్నాను. "అయితే రేపటి సంది రా" అన్నారు. ఉద్యోగం వచ్చిందో పరీక్ష మొదలైందో తెలియకుండానే మెట్లు దిగాను.

నేను చేరేనాటికి అక్కడ రిపోర్టు రాయడమంటే ఎవరి దారి వారిది. సాయంత్రాలు ఒక పెద్ద డాక్టరు గారు వచ్చేవారు, మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా రిటైరైన మనిషి. చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తూ ఆయన రిపోర్టు చెప్పే ఇంగ్లీషు వింటుంటే నాకు ముచ్చటేసేది. ఒక్కో వాక్యం పొడుగాటి రైలుబండి, ఎక్కడా పట్టాలు తప్పదు. కానీ ఒకరోజు లివరు గురించి అంత అందంగా చెప్పి, కిడ్నీల దగ్గరకు వచ్చేసరికి మధ్యలో స్ప్లీన్ సంగతి మరిచిపోయారు. మర్నాడు పేషెంటు తాలూకు డాక్టరు ఫోన్ చేసి, "స్ప్లీన్ ఎలా ఉందండీ? మలేరియా అనుమానంతో దానికోసమే పంపాను" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం సుగుణ మేడమ్ ఒక పాత ఫిల్ము కవరు చింపి, దాని వెనక వరసగా రాశారు. లివరు, గాల్‌బ్లాడర్, పాంక్రియాస్, స్ప్లీన్, కుడి కిడ్నీ, ఎడమ కిడ్నీ, బ్లాడర్. ఒక్కొక్కదాని పక్కన చుక్కల గీత. "ఇగ ఎవరు చేసినా గిట్లనే చెయ్యాలె" అన్నారు. "ఒక్కో గీత కాడ ఆగాలె. చూసిన్నా? ఏం కనబడ్డది? కనబడకపోతే ఎందుకు కనబడలే? ఇది రాసినంకనే కిందికి దిగాలె." దాన్ని నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఇప్పుడు దీన్ని టెంప్లేట్ అంటారు, దాని మీద సదస్సులు పెడతారు. మాకు అది మేడమ్ గీతలు, అంతే.

పెద్ద డాక్టరు గారికి తల కొట్టేసినట్టయింది. "సుగుణా, జీవితమంతా సంపాదించిన అనుభవాన్ని తీసుకెళ్లి నీ చుక్కల మీద పొయ్యమంటావా? రిపోర్టు రాయడం ఒక కళ. ఇది రేషన్ కార్డు కాదు" అన్నారు.

"మీరు మంచిగ రాస్తరు సార్, ఎవరు గాదన్నరు? గని మీరు స్ప్లీన్ చూసి బాగున్నదని ఇడిచిపెట్టిన్రా, చూసుడే మర్చిపోయిన్రా, చదివేటోనికి ఎట్ల తెలుస్తది?" అన్నారు మేడమ్. "అనుభవం ఉన్నోళ్లకు నాలుగు చుక్కలు అడ్డమైతయా?"

ఆయన అలిగి కొన్నాళ్లు రాలేదు. తర్వాత వచ్చి, కుర్చీలో కూర్చుని, గీత తర్వాత గీత నింపారు. నింపినంతసేపూ "గుమాస్తా పని, గుమాస్తా పని" అని గొణుక్కునేవారు. గుమాస్తా కూతుర్ని కనక నాకు ఆ మాట గుచ్చుకునేది. కానీ ఆయన రిపోర్టుల్లో ఆ తర్వాత ఏ అవయవమూ తప్పిపోలేదు.

గీతల వల్ల కొత్త తంటా ఒకటి వచ్చింది. ఇంతకుముందు కనిపించనిదాన్ని ఎవరూ ప్రస్తావించేవారు కాదు, నోరు మూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు గీత ఖాళీగా ఎదురుగా నిలబడి అడుగుతుంది. మేడమ్ జవాబు రాసేవారు: "గ్యాస్ అడ్డు రావడం వల్ల పాంక్రియాస్ కనిపించలేదు." జీడిమెట్లలో క్లినిక్ నడిపే ఒక డాక్టరు మాకు రోజూ పేషెంట్లను పంపేవాడు. అతను ఒకరోజు ఫోన్‌లో విరుచుకుపడ్డాడు. ఫోన్ నా బల్ల మీదే ఉండేది, అవతలి మాట కూడా వినబడేది.

"పేషెంటు నా మీద అరుస్తున్నాడు మేడమ్. పరీక్షకు పంపి, కనపడలేదని రాయిస్తారా అంటున్నాడు."

"కనబడలే మరి. రేపు పొద్దుగాల పరగడుపున పంపుండ్రి, మళ్ల చూస్త. పైసల్ తీసుకోను."

"ఎందుకండీ అంత గొడవ? నార్మల్ అని ఒక ముక్క రాసేస్తే పోయేది కదా."

"నీకు పోతది డాక్టర్. ఆయనకు పోతదా?"

అతను పేషెంట్లను పంపడం మానేశాడు. ప్రసాదరావు గారు మింగలేక కక్కలేక అటూ ఇటూ తిరిగారు. మేడమ్ మాత్రం ఆ మర్నాడు పొద్దున్నే వచ్చి ఆ పేషెంటు కోసం కూర్చున్నారు. అతను వచ్చాడు. స్కానింగ్ మధ్యలో బయట ఈల వినిపిస్తే మేడమ్ చెయ్యి పైకెత్తి ఆగారు. బండ పేలింది, కిటికీలు గలగలలాడాయి, దుమ్ము సర్దుకుంది. "ఇగ చూద్దాం" అని మళ్లీ మొదలుపెట్టారు. ఆవిడ దేనికీ తొందరపడేవారు కాదు, ఎంత మంది వరండాలో నిలబడి ఉన్నా సరే. నాకు అది ఒక్కోసారి చిరాకుగానే ఉండేది.

అసలు తుఫాను తర్వాత వచ్చింది. కొత్త మేడల్లోకి దిగిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, తన ఉద్యోగులందరికీ ఆరోగ్య పరీక్షలు చేయించే పని మా సెంటర్‌కు ఇచ్చింది. ప్రసాదరావు గారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. వరండాలో కొత్త కుర్చీలు, గోడకు కొత్త రంగు. షరతు ఒక్కటే, పొద్దున వచ్చినవాళ్లకు మధ్యాహ్నానికల్లా రిపోర్టు చేతిలో పడాలి. గీతల దగ్గర ఆగి ఆగి నడిస్తే అది కుదిరే పని కాదు.

ప్రసాదరావు గారి అన్నకొడుకు కిరణ్ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చదివి వచ్చాడు. కుర్రాడు చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. మేడమ్ గీతలు తీసుకుని, ప్రతి గీత మీదా ముందే మాటలు పేర్చాడు. లివరు నార్మల్. స్ప్లీన్ నార్మల్. రెండు కిడ్నీలూ నార్మల్ సైజులో ఉన్నాయి. కీబోర్డు పైవరసలో ఒక మీట నొక్కితే మొత్తం రిపోర్టు తెరమీద ధబాలున దిగుతుంది. పేరూ వయసూ కొట్టుకుంటే చాలు. అందరం చుట్టూ చేరి చూశాం. వేళ్లు నొప్పెట్టేలా టైప్ చేసేదాన్ని కాబట్టి నాకూ సంతోషంగానే ఉంది.

మేడమ్ వచ్చి, మీట నొక్కించి చూశారు. ఒక్కో గీతా పైకి చదివారు. తర్వాత కిరణ్‌తో, "నేను ప్రశ్నలు రాసిచ్చిన. నువ్వు జవాబులు గూడ రాసినవ్" అన్నారు.

"చాలామందికి నార్మలే ఉంటుంది కదండీ మేడమ్. తేడా ఉంటే అక్కడ మార్చుకోవచ్చు" అన్నాడతను.

"తేడా ఉన్నదో లేదో చూసినంకనే గదా తెలిసేది. ముందుగాలే బాగుందని రాసి పెట్టుకుంటే, ఇగ కన్ను దేనికి చూస్తది బిడ్డా?"

ఆవిడ ఆ మీట ముట్టుకోనన్నారు. ప్రసాదరావు గారు వాదించలేదు. కంపెనీ వాళ్ల స్కానింగులకు ఒక పార్ట్‌టైమ్ డాక్టర్ని పెట్టుకున్నారు. బయటి పేషెంట్లు మేడమ్ దగ్గరకు, కంపెనీ వాళ్లు ఆయన దగ్గరకు. ఆయన ఒక చేత్తో కడుపు మీద స్కాన్ చేస్తూనే, తలుపులోంచి నాకు ఇంకో చెయ్యి ఊపేవాడు, మీట నొక్కమని. మధ్యాహ్నానికల్లా రిపోర్టులు వేడివేడిగా వెళ్లిపోయేవి.

ఒక శనివారం పొద్దున ఆ కంపెనీలో అకౌంట్స్ చూసే ఆవిడ మా కౌంటర్ దగ్గరకు వచ్చారు. నలభై పైబడిన మనిషి, చేతిలో మా సెంటర్ కవరు. ఏదో పొరపాటు తనదే అయినట్టు మెల్లగా మాట్లాడారు. "అమ్మా, నేను మా తమ్ముడికి ఒక కిడ్నీ ఇచ్చానండి, చాన్నాళ్లయింది. మీ రిపోర్టులో రెండూ ఉన్నాయని రాశారు. ఇది నాది కాదేమో, ఒకసారి చూసి పెడతారా?"

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ కవరు మీద పేరు చూశాను. ఆవిడదే. లోపలికి వెళ్లి మేడమ్‌కు చెప్పాను.

మేడమ్ ఆవిడను లోపలికి పిలిచి పడుకోబెట్టారు. ఎడమ పక్కన చాలాసేపు చూశారు. తెరను ఆవిడ వైపు తిప్పి, "ఈడ లేదమ్మా. మీరు చెప్పింది నిజం, మేం రాసింది అబద్ధం" అన్నారు. ఆవిడ తెరకేసి చూసి, "అది పోనివ్వండి, నాకు తెలిసిందేగా. మరి ఉన్నదొక్కటీ బాగుందా అండి? దానికోసమే చేయించుకున్నాను. నార్మల్ అని ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. తర్వాత చూస్తే లేనిది కూడా నార్మలే అని ఉంది" అన్నారు.

మేడమ్ ముఖం ఎర్రబడడం నేను చూసింది అదొక్కసారే. కుడి పక్కకు వెళ్లి, ఊపిరి పీల్చమని, వదలమని, పక్కకు తిరగమని, మళ్లీ మళ్లీ చూశారు. "బాగున్నది. ఇప్పుడు చూసి చెప్తున్న" అన్నారు. ఆవిడ చీర సర్దుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఆ దణ్ణం మాకు ఎందుకు పెట్టారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ మా మీదే ఒళ్లు మండుతుంది.

ప్రసాదరావు గారి గదిలోకి మేడమ్ నన్ను కూడా రమ్మన్నారు. విషయం విని ఆయన నిజంగానే బాధపడ్డారు. "అయ్యో, ఎంత పొరపాటండీ. ఆవిడ రిపోర్టు మార్చి ఇద్దాం. నేనే వెళ్లి క్షమాపణ చెప్పి, ఒక స్వీట్ బాక్స్ ఇచ్చి వస్తాను" అన్నారు.

"ఒక్కామెది గాదు సార్. ఆ మీట కొట్టి ఇచ్చినయన్నీ వాపస్ తీసుకోవాలె. అందరిని మళ్ల పిలిచి చూడాలె."

"అందర్నీనా? మేడమ్ గారూ, ఒక్క రిపోర్టు తప్పయితే అన్నీ తప్పంటారా?"

"తప్పని ఎవరన్నరు? ఒప్పో తప్పో మనకు తెల్వదు అంటున్న. లేని కిడ్నీని ఉన్నదన్నం. ఉన్నోళ్లయి చూసినమని ఏం భరోసా?"

"కాంట్రాక్టు పోతుందండీ. ఈ కుర్చీలు, ఈ రంగులు, ఇంతమంది జీతాలు. అయినా కింద సంతకం మీది కాదు కదా, మీకెందుకండీ?"

"సంతకం నాది గాదు. గీతలు నావి" అన్నారు మేడమ్.

ఆయన తల పట్టుకుని, "మేడమ్ గారు పట్టిన కుందేటికి మూడే కాళ్లు" అన్నారు, ఎటో చూస్తూ.

"నేను లెక్కవెట్టినంక చెప్తున్న సార్. మీరు లెక్కవెట్టకుంటనే నాలుగంటున్నరు."

మేడమ్ గది నుంచి బయటకు వచ్చి, ఒక అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశారు. కంపెనీ తరఫున ఇక్కడ కడుపు స్కానింగ్ చేయించుకున్నవాళ్లు మళ్లీ రావాలని, కొన్ని అవయవాలు చూడకుండానే బాగున్నాయని రాసి ఉండొచ్చని, డబ్బు అక్కర్లేదని. దాన్ని మెట్ల దగ్గర వేలాడదీశారు. సాయంత్రం ప్రసాదరావు గారు తీయించేశారు. మర్నాడు మేడమ్ ఇంకోటి రాశారు. అదీ పోయింది. ఆ తర్వాతిది నేను రాశాను, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని. రాస్తున్నంతసేపూ, ఉద్యోగం పోతే నాన్నకు ఏం చెప్పాలా అనే ఆలోచనే. అయినా వేలాడదీశాను. ఆ వయసులో నేను చేసిన పనుల్లో నాకు నచ్చినవి చాలా తక్కువ, ఆ అట్టముక్క ఒకటి.

అట్టలు నిలవవని తేలాక, మేడమ్ నన్ను వెంటబెట్టుకుని ఆ కంపెనీకే వెళ్లారు. సెవెన్ సీటర్ దిగి, కంకర రోడ్డు మీద నడిచి, గేటు దగ్గర పేర్లు రాసి, ఏసీ గదిలో చలికి ముడుచుకుని కూర్చున్నాం. ఉద్యోగుల వ్యవహారాలు చూసే కుర్రాడు టై కట్టుకుని వచ్చి ఇంగ్లీషులో పలకరించాడు. మేడమ్ తెలుగులోనే అంతా చెప్పారు. అతను నమ్మలేనట్టు చూశాడు. "కానీ మేడమ్, మా వాళ్లెవరూ కంప్లైంట్ చేయలేదండీ."

"ఆళ్లకేం తెలుస్తది కంప్లైంట్ చెయ్యనీకి? కడుపుల ఏమున్నదో ఆళ్లు చూసుకోగలిగితే మా దవాఖాన దేనికి?"

"ఇది మీరే వచ్చి చెబుతున్నారు, మీ సెంటర్ మీదే. కాంట్రాక్టు రద్దు చేయాల్సి వస్తుంది, ఆలోచించారా?"

"చేసుకోండ్రి. ముందుగాల ఈ ముచ్చట అందరికి తెలియజెయ్యుండ్రి. జర జల్ది."

ఆ కుర్రాడు చాలాసేపు పెన్ను తిప్పాడు. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, మా ముందే అందరికీ మెయిల్ రాశాడు. పంపే ముందు మేడమ్‌కు చదివి వినిపించాడు కూడా. అతన్ని నేను మరిచిపోలేను, అతని పేరు మాత్రం గుర్తు లేదు.

జనం వచ్చారు. కొందరు విసుక్కుంటూ, కొందరు భయపడుతూ, కొందరు జోకులు వేసుకుంటూ. మేడమ్ ఆదివారాలు కూడా వచ్చి, ఒక్కొక్కరిని పడుకోబెట్టి, గీత తర్వాత గీత చెప్పారు. నేను టైప్ చేశాను. ఆ రోజుల్లో నా మనసులో ఒకటే కోరిక. ఎవరి కడుపులోనైనా ఏదైనా పెద్దది బయటపడాలి. అప్పుడు ప్రసాదరావు గారి నోరు మూతపడుతుంది, మేడమ్ గెలుస్తారు. కానీ ఏమీ బయటపడలేదు. ఒకాయనకు చిన్న రాయి ఉంది, అది ఆయనకు ముందే తెలుసు. ఇద్దరు ముగ్గురికి లివరు మీద కొవ్వు. మిగతా అందరికీ అన్నీ సవ్యంగానే ఉన్నాయి, మీట చెప్పినట్టే.

నా నిరాశ నోరు జారి బయటపడింది. "ఒక్కరికైనా ఏదో ఒకటి ఉంటే బాగుండేది మేడమ్" అన్నాను. ఆవిడ నా వైపు తిరిగిన తీరుకు నేను కుర్చీలో వెనక్కి జరిగాను. "మనం గెలవనీకి ఇంకోని కడుపుల గడ్డ ఉండాల్నా? గట్ల ఆలోచిస్తే ఈ పనికి పనికిరావు నువ్వు" అన్నారు. ఆ తిట్టు నాకు పట్టింది. ఇప్పటికీ వదల్లేదు.

ప్రసాదరావు గారు అయితే ఆగలేదు. ఆఖరి రిపోర్టు అయ్యాక వచ్చి, "చూశారా, అన్నీ నార్మలే. మనమే మన పరువు తీసుకున్నాం, కాంట్రాక్టూ పోయింది. ఏం సాధించారండీ?" అన్నారు.

"ఆళ్ల అదృష్టం మంచిగున్నది సార్. మన పని మంచిగ లేకుండె" అన్నారు మేడమ్, చేతులు తుడుచుకుంటూ.

నెలాఖరుకు ఆవిడను రావద్దన్నారు. ఆవిడ సొరుగులోంచి తన టీ గ్లాసు, కళ్లద్దాల పెట్టె తీసుకున్నారు. నేనూ మానేస్తానన్నాను. "పిచ్చిదానా, నువ్వెందుకు మానాలె? ఈడనే ఉండు. గీతలు ఈడనే ఉన్నయి గదా, ఆటికి ఎవరన్న ఉండాలె" అన్నారు. మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. అలా చూసే మనిషి కాదు.

ఆ తర్వాత పగటి స్కానింగులన్నీ పార్ట్‌టైమ్ డాక్టరు చేతికి వచ్చాయి. ఆయన చెయ్యి ఊపాడు, మీట నొక్కమని. నేను నొక్కలేదు. తలుపు కొద్దిగా తెరిచి, కంప్యూటర్ ముందు కూర్చుని, మేడమ్ గీతలు తెరమీద పెట్టుకుని, గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "సార్, లివరు?" ఆయన నార్మల్ అన్నాడు. "సార్, స్ప్లీన్?" నార్మల్. "సార్, ఎడమ కిడ్నీ?" కాస్త ఆగి, "ఉండమ్మా, చూస్తున్నా" అన్నాడు. పడుకున్న పేషెంటు తలెత్తి డాక్టరు వైపు చూస్తున్నాడు, ఆయనేం చెబుతాడా అని. పేషెంటు వింటుండగా చూడకుండా చెప్పడం ఎవరికైనా కష్టమే. రోజూ అలాగే చదివాను. వరండాలో కూర్చున్నవాళ్లకు కూడా వరస కంఠతా వచ్చేసింది.

ప్రసాదరావు గారు పిలిచారు. "ఏంటమ్మా వాణీ ఆ అరుపులు? చేపల మార్కెట్టులా ఉంది. మీట ఉంది కదా."

"మీట నొక్కితే జవాబులు వస్తాయి సార్. నేను టైపిస్టుని, డాక్టర్ని కాదు. డాక్టరు చెప్పకుండా నేను ఎలా రాస్తానండీ?" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, ఎవరి పోలికలు కనిపించాయో ఏమో, వెళ్లమన్నట్టు చెయ్యి ఊపారు. నేను అక్కడ పనిచేసినంతకాలం ఆ మీట మీద దుమ్ము పేరుకుంది.

అక్కడి నుంచి అమెరికా డాక్టర్ల మాటలు విని టైప్ చేసే కంపెనీకి, అక్కడి నుంచి ఆస్పత్రుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఇప్పటి కంపెనీకి వచ్చాను. రేడియాలజీ రిపోర్టుల భాగం చూసేది నేనే. కొనడానికి వచ్చిన ప్రతి ఆస్పత్రీ మొదట అడిగేది ఒక్కటే, అన్నీ నార్మల్ అని ఒక్క నొక్కుతో నిండే మీట ఉందా అని. లేదంటాను. పెట్టిస్తారా అంటారు. పెట్టనంటాను. ఈ మధ్యనే ఒక పెద్ద ఆస్పత్రి ఆ ఒక్క కారణానికే వేరే కంపెనీకి పోయింది. మా బాసు, నాకంటే బాగా చిన్నవాడు, "వాణి గారూ, కస్టమర్ పోయాడండీ" అన్నాడు. "పోనివ్వండి" అన్నాను. రావలసిన ప్రమోషన్ కూడా పోయింది. అదీ పోనిచ్చాను. మా గీతలు ఖాళీగా వస్తాయి. వాటిని చూసి కొత్త డాక్టర్లు విసుక్కుంటారట. విసుక్కోనివ్వండి. విసుక్కుంటూనే ఎడమ కిడ్నీ వైపు ఒకసారి చూస్తారు.

సుగుణ మేడమ్ మెదక్ వైపు వెళ్లిపోయి, ఒక చిన్న మిషన్ ఆస్పత్రిలో చాలా ఏళ్లు పనిచేశారు. పోయిన ఏడాది ఆవిడ పోయారు. నాకు ఆలస్యంగా తెలిసింది. జ్ఞాపకార్థ కూడికకు వెళ్తే, గుమ్మం దగ్గర ఆవిడ ఫొటో ఉన్న కరపత్రం చేతిలో పెట్టారు. అక్కడే కుర్చీలో కూర్చుని చదివాను. ఎవరు పోయినా పేరు మార్చి అచ్చు వేసే మాటలే. ఏడుద్దామని వెళ్లినదాన్ని, కోపంతో ఊగిపోయాను. బ్యాగులోంచి పెన్ను తీసి ఒక్కో మాట దగ్గరా ఆగాను. మృదుభాషి అని ఉంది. కాదు అని పక్కన రాశాను. అజాతశత్రువు అని ఉంది. కాదు, నాకు తెలిసినవాళ్లే చాలామంది ఉన్నారు. అందరి మాటా మన్నించేవారు అని ఉంది. కాదు. రోగుల పాలిట తల్లి అని ఉంది. దాని దగ్గర చాలాసేపు ఆగి, ఉన్న ఒక్క కిడ్నీ బాగుందా అని అడిగిన ఆవిడను తలుచుకుని, అవును అని రాశాను. ఆఖరి వాక్యంలో, ప్రశాంతంగా ప్రభువునందు నిద్రించారని ఉంది. ఆ వేళకు నేను అక్కడ లేను. దాని పక్కన, నేను చూడలేదు అని రాశాను.